కొట్టివేత కనపడవలెను

శ్రీమతి గారి సముఖానికి,

నీ భర్త మిక్కిలి గౌరవంతో, అంతకు మించిన బెంగతో రాసుకునే విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. దీవి వాతావరణ కేంద్రంలో నువ్వు, నీ గాలి కొలిచే గిన్నెలు, నీ వాన కొలిచే గొట్టం కూడా క్షేమమని తలుస్తాను. పై వాక్యాల్లో ‘అందరం క్షేమం’ అన్న అంశంపై ఈ లేఖ చివర ఒక సవరణ ఉంటుంది. అప్పటివరకు అది తాత్కాలికంగా అమలులో ఉన్నట్టు భావించగలవు.

సూచిక: మొన్న ఇరవై ఐదో తేదీ పడవలో వచ్చిన నీ ఉత్తరం. ఆరు పేజీలు. నాలుగో పేజీలో ఒక ఉప్పునీటి మరక. అది సముద్రానిదా, నీదా అన్నది తేల్చే అధికారం నాకు లేదు.

ఇప్పుడు సమయం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. ఆసుపత్రి రికార్డుల గదిలో, నా బల్ల దగ్గరే కూర్చుని రాస్తున్నాను. రేవు ఆఫీసులో టపా సంచి ఆరింటికి మూతి కడతారు. రేపు పొద్దున్నే పడవ బయలుదేరుతుంది. ఈలోగా నాలుగింటికి ఒక పని, నాలుగున్నరకి ఇంకో పని ఉన్నాయి. ఆ రెండూ ఏమిటో వరసలో చెబుతాను. సులువైన అంశాలు ముందు, కష్టమైనవి తరవాత అన్నది ఆఫీసు సంప్రదాయం. అది పిరికితనానికి పెట్టిన మర్యాదైన పేరని నువ్వు అంటావు. ఆ అభ్యంతరం నమోదు చేసుకున్నాను.

వంటగది కుళాయి సంగతి అడిగావు. ప్లంబరు రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి వాషరు పోయిందన్నాడు. రెండోసారి కుళాయే పోయిందన్నాడు. మూడోసారి పిలిస్తే ఇల్లే పోయిందంటాడేమోనని పిలవలేదు. కింద గిన్నె పెట్టాను. రాత్రంతా అది చుక్కలు లెక్కపెడుతోంది, నాకు బదులు.

తింటున్నావా అని అడిగావు. క్యాంటీన్‌లో తింటున్నాను. అక్కడ ఏది వండినా ఒకే రుచి వచ్చేలా చూస్తారు. అన్ని పదార్థాలకూ సమన్యాయం జరుగుతోంది.

కిటికీలో నీ కుండీ మొక్కకి పక్కింటి టీచరమ్మ నీళ్ళు పోస్తోంది. రెండు కొత్త ఆకులు వేసింది. నా సంరక్షణలో లేకపోవడమే దాని ఆరోగ్య రహస్యమని టీచరమ్మ అభిప్రాయం.

ఇక నీ ఐదో పేజీ. “పోయిన ఉత్తరంలో నాన్న గురించి రెండే వాక్యాలు రాశావు. కుళాయి గురించి పదకొండు రాశావు. ఏం దాస్తున్నావు?” అని అడిగి, కింద గీత గీశావు. అదే గీత మీద మళ్ళీ మళ్ళీ గీసినట్టున్నావు, కాగితం చిరిగింది.

చెబుతాను. కూర్చుని చదువు.

మామగారికి నిమ్ము చేరిందని పదకొండో తేదీన ఇక్కడ మూడో అంతస్తులో, ఏడో నంబరు మంచం మీద చేర్చాం. ఆ సంగతి నీకు రేడియోలో పంపాను. నువ్వూ రేడియోలోనే జవాబిచ్చావు. రేవు ఆఫీసు గుమస్తా చీటీ మీద రాసి తెచ్చిచ్చాడు: “నాన్నకు సూదంటే భయం. ఎక్కువ గుచ్చనివ్వకు.” ఐదు మాటలు. నలభై ఏళ్ళు సూదితో బతికిన దర్జీకి సూదంటే భయమేమిటని గుమస్తా నవ్వాడు. మామగారిని అడిగితే, “సూది గుడ్డకి గుచ్చడానికి పుట్టింది అల్లుడూ, మనిషికి గుచ్చడానికి కాదు. గుడ్డకి నొప్పుండదు. నాకుంటుంది” అన్నారు. ఈ వాదనలో లోపం పట్టుకోవడానికి ప్రయత్నించి విరమించుకున్నాను.

మందు నరంలోకి ఎక్కించడానికి ఎడమచేతికి క్యాన్యులా పెట్టారు. అంటే నరంలో దిగబడి ఉండే సన్నటి గొట్టం. దాని మీద పట్టీ వేసి, పట్టీ మీద ఒక చిన్న చీటీ అంటించి, పెట్టిన తేదీ రాస్తారు. మూడు రోజులకొకసారి ఆ గొట్టం తీసేసి, ఇంకోచోట కొత్తది పెట్టాలి. ఇది ఈ ఆసుపత్రి నియమం. ఆ నియమాన్ని సర్క్యులరుగా టైపు చేసి, ఇరవై రెండు వార్డుల్లో గోడలకు అంటించి, కింద ‘ఆదేశానుసారం’ అని సంతకం పెట్టింది రికార్డుల సూపరింటెండెంటు. ఆ సూపరింటెండెంటుకి నువ్వు పద్దెనిమిదేళ్ళ క్రితం మెడలో దండ వేశావు.

పద్నాలుగో తేదీకి నిమ్ము చాలా తగ్గింది. పదిహేడో తేదీ పొద్దున పదింటికి మామగారికి వణుకు మొదలైంది. మామూలు చలి కాదు. మంచం ఇనప కాళ్ళు నేల మీద టకటకలాడాయి. రెండు దుప్పట్లు కప్పాను. మూడోది కప్పాను. పళ్ళు కొట్టుకుంటుంటే, “నన్నెవరో కుట్టుమిషన్ మీద పెట్టి తొక్కుతున్నట్టుంది అల్లుడూ” అన్నారు. జ్వరం నూట నాలుగు. ఎడమచేతి మీద పట్టీ విప్పి చూస్తే, గొట్టం ఉన్నచోట ఎర్రగా వాచి, అక్కడినుంచి మోచేతి దాకా నరం తాడులా గట్టిపడింది. ఆ సాయంత్రమే నీకు ఉత్తరం రాశాను. “నిమ్ము తగ్గింది. కొద్దిగా జ్వరం” అని. నువ్వు లెక్కపెట్టిన రెండు వాక్యాలు అవే.

రెండు చేతుల నుంచీ రక్తం తీసి పరీక్షకు పంపారు. రక్తాన్ని సీసాల్లో పోసి, వెచ్చగా ఉంచి, అందులో ఏమైనా పెరుగుతుందేమో చూస్తారు. మంచి రక్తంలో ఏమీ పెరగకూడదు. మామగారి రక్తంలో పెరిగింది. పెద్ద డాక్టరు నన్ను తన గదిలోకి పిలిచి, కుర్చీ చూపించారు. ఆయన నాకు కుర్చీ చూపించడం అదే మొదటిసారి. అప్పుడే సగం అర్థమైంది.

“స్టాఫిలోకాకస్ అనే క్రిమి అండి. మనందరి చర్మం మీద, ముక్కుల్లో ఊరికే కాపురముంటుంది. మన జోలికి రాదు. రక్తంలోకి దారి దొరికిందంటే మాత్రం...” అని ఆగారు.

“దొరికిందంటే?”

“గుండె కవాటాల మీద చేరొచ్చు. వెన్నెముకలో చేరొచ్చు. చేరినచోటల్లా పాడుచేస్తుంది. దాచి లాభం లేదు, ఈ వయసులో వందమందికి వస్తే ముప్పై మందిని తీసుకుపోతుంది. నిమ్ముకి ఇస్తున్న మందుకి లొంగే రకం కూడా కాదిది. మందు మారుస్తున్నాం.”

అద్దె లేకుండా బయట కాపురమున్నవాడు, తలుపు తీసి ఉందని లోపలికొచ్చి ఇల్లు తగలబెట్టడం అన్నమాట. తలుపెవరు తీశారన్నది ఆయన ఆ రోజు అడగలేదు.

అప్పటినుంచీ రెండు మూడు రోజులకొకసారి రక్తం తీసి మళ్ళీ సీసాల్లో పోస్తున్నారు. ఇరవయ్యో తేదీన తీసిన దాంట్లోనూ పెరిగింది. ఇరవై రెండున తీసిన దాంట్లోనూ పెరిగింది. ఇరవై మూడున గుండెకి ఎకో తీశారు. కవాటాలు ప్రస్తుతానికి శుభ్రంగా ఉన్నాయి. ‘ప్రస్తుతానికి’ అన్న మాట డాక్టరుగారు రెండుసార్లు అన్నారు. ఆఫీసు భాషలో ఆ మాటకు అర్థమేమిటో నాకంటే ఎక్కువ ఎవరికీ తెలియదు. ఇరవై ఐదున సాయంత్రం నాలుగింటికి నాలుగోసారి తీశారు. నలభై ఎనిమిది గంటలు ఈ రోజు నాలుగింటికి పూర్తవుతాయి.

“ఈసారి కూడా పెరిగిందనుకోండి,” అన్నారు డాక్టరుగారు, “ఎక్కడో గూడు కట్టినట్టే. అప్పుడు నేను చెప్పేదానికి మీ ఆవిడ కూడా ఇక్కడ ఉంటే మంచిది.”

నాలుగింటి పని అది.

రేడియోలో ఎందుకు చెప్పలేదని నువ్వు అడుగుతావు. అడగకముందే జవాబిస్తాను. రేడియోలో పన్నెండు మాటలకు మించి పంపనివ్వరు, ఇది పన్నెండు మాటల్లో ఇమిడే సంగతి కాదు. మామగారు కూడా, “దానికి చెప్పకు, బెంగ పెట్టుకుని గాలి ఎటు వీస్తుందో తప్పు రాస్తుంది, పడవలు మునుగుతాయి” అన్నారు. ఈ రెండూ సాకులు. అసలు కారణం కింద ఉంది.

నాలుగున్నరకి ఉన్న రెండో పని విచారణ సంఘం సమావేశం. ఏడో నంబరు మంచానికి ఈ క్రిమి ఎలా చేరిందో తేల్చడానికి ముగ్గురు సభ్యుల సంఘం వేశారు. పరిపాలనాధికారి అధ్యక్షులు. నేను కార్యదర్శిని. రోగి అల్లుడే కార్యదర్శిగా ఉండటం సబబేనా అని ఒక సభ్యుడు అడిగాడు. “ఆయన తప్ప ఇక్కడ ఎవరికీ ఫార్మాటు తెలియదయ్యా” అన్నారు అధ్యక్షులు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

సంఘం ముందున్న వ్యక్తి సబ్బు సిస్టర్. ఆవిడ గురించి ఇదివరకే నీకు రాశాను. వార్డు గుమ్మం దగ్గర సింకు పక్కన నిలబడి, లోపలికొచ్చే ప్రతివాడి చేతులూ కడిగించే పెద్ద నర్సు. ఒకసారి సాక్షాత్తూ పరిపాలనాధికారినే వెనక్కి పంపి కడుక్కోమంది. నన్నయితే చూడగానే, “సూపరింటెండెంటు గారూ, ఫైళ్ళ దుమ్ముతో వచ్చేశారా? మీ సర్క్యులరు మీరు చదవరా? చేతులు!” అనేది. ఆవిడ పదవీ విరమణకి ఎనిమిది నెలలుంది.

ఆవిడ మీద నేరమిది. పద్నాలుగో తేదీన ఏడో నంబరు మంచానికి గొట్టం మార్చినట్టు కేసు షీటులో ఉంది. పక్కన ఆవిడ పొడి సంతకం ఉంది. కాని ఆ రోజు ఆవిడ డ్యూటీలో స్టోరు నుంచి ఏడో నంబరుకి కొత్త గొట్టం వెళ్ళలేదు. పదకొండున పెట్టిన గొట్టమే పదిహేడు దాకా ఆరు రోజులు ఉండిపోయింది. కాబట్టి మార్చకుండానే మార్చినట్టు రాసింది. విచారణ తేలేదాకా ఆవిడను వార్డు నుంచి తప్పించి, దుప్పట్లు మడతపెట్టే గదిలో వేశారు.

ఆవిడ చెప్పుకున్నది ఒకటే. “పొద్దుటి నర్సు కుడిచేతికి రెండుసార్లు గుచ్చింది, నరం దొరక్క వదిలేసింది. ఆ సంగతి నాకు తెలీదు. నేను రెండింటికి డ్యూటీ ఎక్కేసరికి పట్టీ మీద చీటీలో పద్నాలుగు అని ఉంది. మార్చేశారనుకున్నాను. చీటీలో ఉన్న తేదీ షీటులోకి ఎక్కించాను.” పొద్దుటి నర్సు తాను మార్చలేదంది. అది నిజమే. చీటీ గొట్టంతో పాటు పదిహేడునే చెత్తడబ్బాలో పోయింది. కాబట్టి చీటీలో పద్నాలుగు ఉందన్నది కట్టుకథ అని సంఘం ప్రాథమిక అభిప్రాయం. అభియోగ పత్రం తయారుచేసి ఈ రోజు సమావేశంలో పెట్టమని నన్ను ఆదేశించారు.

మొన్న ఆవిడ దుప్పట్ల గది నుంచి ఏడో నంబరుని చూడటానికొచ్చింది. చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా, నిదానంగా, వేలి సందుల్లో కూడా. మామగారి నుదుటి మీద చెయ్యి వేసి చూసి, వరండాలో నా దగ్గరికొచ్చి అంది: “ముప్పయ్యేళ్ళు నా చేత్తో ఎవరి రక్తంలోకీ మురికి పోలేదని చెప్పుకుని తిరిగాను సూపరింటెండెంటు గారూ. పోయిందేమో. రోజుకి వందసార్లు కడిగేదాన్ని, ఒక్కసారి మర్చిపోయానేమో. గుర్తు తెచ్చుకుందామంటే రావట్లేదు.”

నేను గుర్తు తెచ్చుకోవలసిన అవసరం లేకుండానే గుర్తున్నవాణ్ణి.

ఇప్పుడు మూడు గంటల ఐదు నిమిషాలు. ఇక వాయిదా వేయడానికి అంశాలు మిగల్లేదు.

పద్నాలుగో తేదీ మధ్యాహ్నం ఒంటిగంటకి నేను మామగారి పక్కన ఉన్నాను. పొద్దుటి నర్సు గుచ్చిన రెండు చోట్లా కుడిచేయి కమిలిపోయి ఉంది. “సాయంత్రం పెద్ద సిస్టరొచ్చి పెడతారు” అని చెప్పి వెళ్ళిపోయిందా అమ్మాయి. మామగారు గోడకేసి తిరిగి పడుకుని ఉన్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారని కాసేపటికిగాని అర్థం కాలేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. నేనెప్పుడూ చూడలేదు. “ఇంకోసారి గుచ్చితే నేను తట్టుకోలేను. నువ్వు ఇక్కడ పెద్ద ఉద్యోగివి కదా, ఏదో ఒకటి చెయ్యి అల్లుడూ” అన్నారు. జేబులో నీ ఐదు మాటల చీటీ ఉంది. దాన్ని నీ మీద నేరంగా ఉదహరించడం లేదు. జేబులో ఉన్నదాన్ని ఉన్నట్టు రాస్తున్నాను.

వేరే మనిషయితే పెద్ద డాక్టరు దగ్గరికెళ్ళి బతిమాలేవాడు. చెయ్యి తిరిగిన నర్సుని వెతికి తెచ్చేవాడు. మాత్రలు ఇస్తే సరిపోదా అని అడిగేవాడు. ఇన్ని దారులున్నా, పాతికేళ్ళు రికార్డుల్లో పనిచేసినవాడికి ఒక్కటే తోచింది. ఒక విషయం కాగితం మీద సరిగ్గా ఉంటే, అది సరిగ్గా ఉన్నట్టే. చీటీలో 11 అని ఉంది. రెండో ఒకటిని నాలుగు చేయడానికి రెండు గీతలు చాలు. నా జేబులో పెన్ను ఎప్పుడూ ఉంటుంది. చీటీ మెత్తటి పట్టీ మీద ఉండటంతో పెన్ను సరిగ్గా పడలేదు. పట్టీ అంచు కాస్త లేపి, కింద వేలు పెట్టి, గీతలు దిద్దాను. అంతకుముందు పొద్దున్నంతా పాత ఫైళ్ళ కట్టలు దింపించాను. ఆ వేలే అది. సింకు దగ్గర సబ్బు సిస్టర్ లేదు కాబట్టి కడుక్కోలేదు.

మొత్తం నిమిషం పట్టలేదు. “అయిపోయింది మామయ్యా, ఇంకెవరూ గుచ్చరు” అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నారు.

ఆ మూడు రోజుల్లో క్రిమి గొట్టం దారినే పోయిందో, ఎవరి వేలి దారినైనా పోయిందో ఏ పరీక్షా తేల్చలేదని డాక్టరుగారు సంఘానికి చెప్పారు. రెండు దారులూ నావే కనక ఆ ప్రశ్నను నేను ముగించాను.

నా ఉద్యోగంలో కొత్తగా చేరిన ప్రతి గుమస్తాకీ మొదటిరోజు నేర్పే పాఠం నీకూ కంఠతా వచ్చు. ‘దిద్దరాదు. చెరపరాదు. మీద రాయరాదు. ఒక్క గీతతో కొట్టి, పక్కన పొడి సంతకం చేయవలెను. కొట్టివేత కనపడవలెను.’ సరుకుల జాబితాలో నువ్వు సబ్బుని బియ్యంగా దిద్దితే నీ చేత పొడి సంతకం పెట్టించిన మనిషిని నేను.

నిన్న సాయంత్రం మామగారికి సబ్బు సిస్టర్ సంగతి తెలిసింది. పక్క మంచం వాళ్ళు చెప్పారు. నన్ను దగ్గరికి రమ్మన్నారు. జ్వరం నూట ఒకటి. గొంతు సరిగ్గా లేదు.

“ఆవిడని పంపించేస్తారటగా?”

“విచారణ జరుగుతోంది మామయ్యా.”

“ఎవరు రాస్తున్నారు కాగితం?”

“నేనే.”

నా జేబులోని పెన్నుకేసి చూశారు. తరవాత, “కుట్టు తప్పు పడితే ఏం చేస్తాం?” అన్నారు.

“విప్పి కుడతాం.”

“కొందరు విప్పరు. మీద ఇస్త్రీ లాగించేస్తారు. చూసేవాడికి కనపడదు. తొడుక్కున్నవాడికి నడిచినప్పుడల్లా గుచ్చుకుంటుంది.” కళ్ళు మూసుకున్నారు. “అమ్మాయికి కూడా రాయి. చెయ్యి నీదే గాని, ఏదో ఒకటి చెయ్యమన్నది నేను. అది కూడా రాయి. కుట్టు నీది, కొలత నాది.”

రాశాను. ఆయన చెప్పినది చెప్పినట్టు. అయితే కొలత ఇచ్చినవాడు జ్వరంలో ఉన్న ముసలాయన అనీ, కత్తెర పట్టినవాడికి ఒంట్లో ఏ జబ్బూ లేదనీ గమనించగలవు.

అభియోగ పత్రం ఇప్పుడే టైపు చేశాను. నిందితుడి పేరు, హోదా, నేరం వివరం, తేదీ, సమయం. కింద సంతకం చేశాను. ఇప్పుడు మూడు గంటల నలభై నిమిషాలు. ఫలితం ఇంకా రాలేదు. ఈ రెండు వాక్యాలూ నువ్వు జాగ్రత్తగా చదవాలి. మంచి కబురు వచ్చాక ధైర్యం తెచ్చుకున్నాడనీ, చెడ్డ కబురు వచ్చాక భయపడ్డాడనీ ఎవరూ అనుకోకుండా, కబురు రాకముందే సంతకం పెట్టాను. పత్రం కవరులో ఉంది. నేను పైకి వెళుతున్నాను.

ఇప్పుడు ఐదు గంటల ఇరవై నిమిషాలు. చేతిరాత కుదురుగా లేకపోతే మన్నించు.

నాలుగింటికి ల్యాబు కిటికీ దగ్గర నిలబడ్డాను. ల్యాబు మేడం లోపల సీసాలు వెలుతురుకి పట్టుకుని ఒక్కొక్కటే తిప్పి చూస్తోంది. నాలుగు సీసాలు. మొదటిది పెట్టింది. రెండోది పెట్టింది. మూడోది తీసుకుని, పక్కనున్న కళ్ళద్దాలు తుడిచి, మళ్ళీ చూసింది. ఆ అద్దాలు తుడిచినంతసేపు నేను ఏమేం మొక్కుకున్నానో కార్యవాహిలో నమోదు చేయడం లేదు. నాలుగోది పెట్టేసి కిటికీ దగ్గరికొచ్చింది.

“పెరగలేదండి.”

“ఏది?”

“ఏదీ పెరగలేదు. నాలుగూ శుభ్రంగా ఉన్నాయి. ఐదు రోజులు చూడాలనుకోండి. కాని ఇదివరకు మూడుసార్లూ ఒక్క రోజుకే పెరిగిపోయింది.”

రాసిమ్మన్నాను. నవ్వి రాసిచ్చింది. కాగితం చేతిలో ఉంటేగాని నమ్మని మనిషినని ఆవిడకి తెలుసు. కాగితం మీద ఉంటే చాలని నమ్మిన మనిషినని తెలియదు.

డాక్టరుగారు కాగితం చూసి, “ఇవాళ్టి నుంచి లెక్క. ఇంకా నాలుగు వారాలు నరంలోకి మందు. గుండెకి ఇంకోసారి ఎకో. గట్టెక్కాం అనను. గట్టు కనపడుతోంది అంటాను” అన్నారు.

“నాలుగు వారాలా? సూదితోనా?” అన్నారు మామగారు. పది రోజుల్లో ఆయన గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి.

నాలుగున్నరకి సమావేశం. పొడవాటి బల్ల. మూలన కుర్చీలో సబ్బు సిస్టర్. ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఆ చేతులకేసే చూస్తూ కూర్చుంది. అధ్యక్షులు కవరు చింపి, పత్రం తీసి, కళ్ళజోడు సరిచేసుకున్నారు.

“ఇదేంటండీ? నిందితుడి పేరు దగ్గర మీ పేరు పడింది?”

“అవునండి.”

“టైపింగ్ పొరపాటు. సరిచేసి పట్రండి, అయిదు నిమిషాలు ఆగుతాం.”

“పొరపాటు టైపింగులో జరగలేదండి.”

ఆయన కింది పేరాలు చదివారు. మళ్ళీ మొదటినుంచీ చదివారు. పక్క సభ్యుడికి ఇచ్చారు. ఆ గదిలో గోడ గడియారం ఉందని నాకు ఇన్నేళ్ళకి తెలిసింది. చివరికి అధ్యక్షులు, “చీటీ పోయింది కదయ్యా. ఎవరికీ తెలిసేది కాదు కదా” అన్నారు. అందులో కోపం కంటే బాధ ఎక్కువ ఉంది. ఒక మంచి ఫైలు పాడైపోయినందుకు.

సబ్బు సిస్టర్ ఒక్క ప్రశ్నే అడిగింది.

“పట్టీ లేపారన్నారు. అప్పుడు చేతులు కడుక్కున్నారా?”

“లేదు సిస్టర్.”

ఆవిడ లేచి నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఒళ్ళో ఉన్న చేతుల్ని ఒకసారి తిప్పి చూసుకుంది, అటూ ఇటూ, పోయిన వస్తువు దొరికినట్టు. తరవాత ఎవరి అనుమతీ అడగకుండా గదిలోంచి వెళ్ళిపోయింది.

నన్ను విధుల నుంచి తప్పించారు. సస్పెన్షన్ ఉత్తర్వు నేనే టైపు చేయవలసి వచ్చింది. ఫార్మాటు ఇంకెవరికీ తెలియదు. రెండు ప్రతులు తీసి, ఒకటి నాకు నేనే అందజేసి, అందినట్టు సంతకం తీసుకున్నాను.

పైకి వెళ్ళేసరికి ఆవిడ వార్డు గుమ్మంలో, సింకు పక్కన, తన చోటులో నిలబడి ఉంది. నన్ను చూసి కుళాయి తిప్పింది. నేను కడుక్కున్నాను. “ఇంకోసారి” అంది. కడుక్కున్నాను. మామగారి పక్కన కూర్చుని, కుడి ముంజేతిని వేలితో చాలాసేపు తడిమి, “తాతగారూ, మీరు గుండీ కుట్టేటప్పుడు దారం ఎన్ని చుట్లు చుడతారు?” అని అడిగింది. “కోటుకా, చొక్కాకా?” అన్నారాయన. “చొక్కాకి.” “చొక్కాకైతే నాలుగు చుట్లు చుట్టి...” అంటుండగానే ఒక్కసారికే నరం దొరికింది. ఆయనకి తెలియనే లేదు. నువ్వు అడిగిన ‘ఎక్కువ గుచ్చనివ్వకు’కి జవాబు, పద్నాలుగో తేదీన ఇంకో గంట ఆగి ఉంటే సింకు పక్కకి వచ్చేది. నేను పెన్ను జేబు తడుముకున్నాను.

పట్టీ మీద చీటీ అంటించి, 27 అని రాసి, చెయ్యి నా వైపు తిప్పింది.

“చదవండి.”

“ఇరవై ఏడు.”

“ముప్పయ్యో తేదీన మళ్ళీ వచ్చి చదవండి” అంది.

నన్ను ఆవిడ క్షమించిందని దీనికి అర్థం కాదు. రమ్మంది, అంతే. నేను దాన్ని దాచుకుంటున్నాను.

టపా సంచి కట్టడానికి ఇరవై నిమిషాలుంది. చివరి అంశం. ఈ లేఖ తెచ్చిన పడవ దీవి దగ్గర రెండు గంటలు ఆగి తిరిగి వస్తుంది. నీ బదులు మనిషి అదే పడవలో రావడానికి సిద్ధంగా ఉన్నాడని మీ కార్యాలయం ఈ సాయంత్రమే రేవు ఆఫీసు ద్వారా చెప్పింది. నీకు సెలవు అడుగుతూ ఈ పొద్దున నేను వాళ్ళకి పెట్టిన అర్జీలో కారణం పూర్తిగా, దిద్దకుండా రాశాను. ఒక గంట నా మీద కోపానికి, ఒక గంట పెట్టె సర్దుకోవడానికి కేటాయించగలవు. మొదటిది చాలకపోతే రెండోదాన్ని వాడుకోకు. మిగతా కోపం ఇక్కడికొచ్చాక తీర్చుకోవచ్చు, నేను ఇప్పుడు ఖాళీగానే ఉంటాను. మీ నాన్న నీకోసం అడగడం లేదు. ఎవరైనా తలుపు తీస్తే మాత్రం ముందు ఎత్తు చూస్తున్నారు, నీ ఎత్తు మనిషేనా అని.

మొదట చెప్పిన సవరణ. పైన మొదటి పేరాలో ‘ఇక్కడ అందరం క్షేమం’ అని రాశాను. దాన్ని ఒక్క గీతతో కొట్టేశాను. కింద అక్షరాలు కనపడుతున్నాయో లేదో చూసుకున్నాను, కనపడుతున్నాయి. పక్కన పొడి సంతకం చేసి, ఈ రోజు తేదీ వేశాను. పైన రాయవలసిన మాట నువ్వొచ్చి రాస్తావని ఖాళీ వదిలాను.

ఇట్లు,
అనుమతి రద్దు కానంతవరకు
నీ భర్త